బులెటిన్ ఎలా చదవాలి, ఎలా రాయాలి

యాసంగి కోతలు అయిపోయి, వడ్లన్నీ కొనుగోలు కేంద్రంలో కుప్పలు పోసి ఉన్న రోజులవి. రాత్రి తొమ్మిదింటికి నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పైన వాతావరణ శాఖ గుర్తు, కింద తెలంగాణ పటం. అందులో నల్లగొండ జిల్లా ఎర్రగా ఉంది. "బులెటిన్ వచ్చింది, రెడ్ అలర్ట్" అని కింద ఎవరో రాశారు. దేవరకొండ దగ్గరి మా ఊరి గ్రూపులో నేను దాన్ని వెంటనే పెట్టేశాను.

పది నిమిషాల్లో ఊరంతా కేంద్రం కాడికి ఉరికింది. టార్పాలిన్లు కిరాయికి తెచ్చారు. టార్చిలైట్ల వెలుతురులో కుప్పలు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. వాన రాలేదు. మరునాడు ఎండ మండిపోయింది. అయినా ఎప్పుడు పడుతుందోనన్న భయంతో ఎవరూ కవర్లు తీయలేదు. మూడో రోజు తీసి చూస్తే లోపల వడ్లు చెమర్చి ఉన్నాయి. కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. సరిగ్గా ఆ గీత దగ్గరున్న కుప్పలను మళ్లీ ఆరబోయాల్సి వచ్చింది. ఆ రైతులు కాంటా వరుసలో వెనక్కి పోయారు. నేను మాత్రం ఎండ మండిన ఆ మరునాడే ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. మూలన చిన్న అక్షరాల్లో తేదీ ఉంది. అది అంతకు ముందటి ఏడాదిది.

ఆ తప్పు నాది. ఫొటో అబద్ధం కాదు, అందులోని బులెటిన్ నిజమైనదే. దాని కాలం ఎప్పుడో తీరిపోయింది, అంతే. బులెటిన్ అంటే ఏమిటో నాకు తెలిసి ఉంటే ఆ రాత్రి అంతమందికి ఆ తిప్పలు ఉండేవి కావు. అప్పటి నుంచి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ముందు చదవడం, తర్వాత రాయడం.

మొదటి పని: మాట లోపల ఏముందో చూడండి

లాటిన్‌లో "బుల్లా" అంటే నీటి బుడగ. బుడగలా గుండ్రంగా ఉండే వస్తువులకూ ఆ పేరే వాడేవాళ్లు. తర్వాత పత్రాలకు వేలాడదీసే సీసపు ముద్రను అలా పిలిచారు. పోప్ జారీ చేసే ఆజ్ఞాపత్రాన్ని ఇంగ్లిషులో ఇప్పటికీ "బుల్" అంటారు. అందులో ఎద్దు ఏమీ లేదు, ఆ పేరు సీసపు ముద్ర నుంచి వచ్చింది. ముద్ర ఉన్న చిన్న చీటీ ఇటాలియన్‌లో "బుల్లెత్తా", అంతకన్నా చిన్నదైతే "బుల్లెత్తీనో". అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి బులెటిన్ అయింది.

తుపాకీ బుల్లెట్ కూడా అదే లాటిన్ మాట నుంచి వేరే దారిలో వచ్చింది. దానికి చిన్న ఉండ అని అర్థం. రెండు మాటలూ చుట్టాలే కానీ, "బుల్లెట్‌లా దూసుకొచ్చే వార్త కాబట్టి బులెటిన్" అని పిల్లలకు చెప్పడం సరికాదు. ఆ మాట పుట్టింది వేగం నుంచి కాదు, ముద్ర నుంచి.

మన వైపు ముసలివాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నిజాం కాలంలో ఫర్మానా అంటే మొహర్ ఉన్న కాగితం. ఆ మొహర్ లేకపోతే అది ఉత్త కాగితమే. రాయడం చదవడం రానివాళ్లకు చాటింపు ఉండేది. సుంకరి డప్పు కొట్టుకుంటూ వచ్చి, నాలుగు బాటలు కలిసే చోట ఆగి, గొంతెత్తి చెప్పేవాడు. నా చిన్నప్పుడు విన్న చాటింపు ఇంకా చెవిలో ఉంది. "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి బడి కాడ పశువుల డాక్టర్ సూదులిస్తడంట, సర్పంచ్ జెప్పమన్నడు, అందరు గొడ్లను తోలుకరాండ్రో!" అందులో ఎవరు చెప్పమన్నారో ఉంది. ఎప్పుడో ఉంది, ఎక్కడో ఉంది, ఏం చేయాలో ఉంది. మంచి బులెటిన్‌కు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

కాబట్టి అర్థం ఇలా పెట్టుకోండి: ఒక బాధ్యత గలవారు, ఒక వేళకు, ఒక గడువు వరకు చెల్లేలా, క్లుప్తంగా ఇచ్చే తాజా సమాచారం. తర్వాతి బులెటిన్ రాగానే పాతది చెల్లదు.

రెండో పని: సంగతి చదవకముందే మూడు చూడండి

ముద్ర, వేళ, గడువు. ఈ మూడూ కనబడే దాకా సంగతి జోలికి పోకండి. పెద్ద అక్షరాలు కంటిని లాగుతాయి. అయినా ముందు మూలలు వెతకండి.

ముద్ర అంటే ఇచ్చినవారు ఎవరో తెలియడం. గుర్తు కనబడితే సరిపోదు, గుర్తును ఎవరైనా అతికించగలరు. ఆ శాఖ వెబ్‌సైట్‌లోనో, అధికారిక ఖాతాలోనో అదే బులెటిన్ ఉందో లేదో చూడాలి. దానికి రెండు నిమిషాలు చాలు. వేళ అంటే తేదీ ఒక్కటే కాదు, గంట కూడా. వాన కాలంలో పొద్దటి బులెటిన్‌కు, మధ్యాహ్నం బులెటిన్‌కు మధ్య జిల్లా రంగు మారిపోతుంది. ఏడాది అంకె తప్పకుండా చూడండి. నన్ను దెబ్బ తీసింది అదే. గడువు అంటే ఎప్పటి వరకు చెల్లుతుందో. "రానున్న 3 గంటల్లో" అని ఉన్న హెచ్చరిక సాయంత్రం నాలుగింటిదైతే రాత్రి ఏడు దాటాక దాన్ని పంపకూడదు.

మూడింటిలో ఒక్కటి లేకపోయినా దాన్ని బులెటిన్ అనకండి, ముందుకు పంపకండి. పంపినవారు బావ అయినా సరే, "తేదీ ఏది బావా?" అని అడగండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మూడో పని: వాతావరణ బులెటిన్‌లోని మాటలను కొలతలుగా మార్చుకోండి

మన రైతులకు అన్నింటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్‌లో "భారీ వర్షం" అనేది ఊరికే వాడిన మాట కాదు, దానికి కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. 204.5, ఆ పైన అత్యంత భారీ. ఆ 24 గంటలు కూడా అర్ధరాత్రికి మొదలుకావు. ఉదయం 8:30 నుంచి మరునాడు ఉదయం 8:30 వరకు లెక్క. అందుకే "ఇవాళ మా ఊర్లో చినుకు లేదు, వీళ్లు 4 సెంటీమీటర్లు రాశారేంది" అనుకోకండి. ఆ వాన రాత్రి పడి ఉంటుంది.

మిల్లీమీటరు అంటే కంటికి ఆనదు కాబట్టి ఇలా గుర్తు పెట్టుకోండి: చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు పడితే ఒక మిల్లీమీటరు. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన ఒక ఎకరం మీద 40 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు పోసినట్టు. పత్తి చేనులో నీళ్లు ఎటు పోవాలో ముందే కాల్వ తీయాలా వద్దా అన్నది ఈ లెక్కతో తేలుతుంది.

తర్వాత చోటు గురించిన మాటలు. వీటినీ చాలామంది అందంగా రాశారనుకుని దాటేస్తారు. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు. "అనేక చోట్ల" అంటే సగం దాటి ముప్పావు వంతు వరకు. ఆ పైన అయితే "చాలా చోట్ల". ఇంగ్లిషు బులెటిన్‌ను తెలుగు చేసేటప్పుడు చానళ్లు ఈ మాటలను కలగలిపేస్తాయి, కాబట్టి వీలుంటే శాఖ ఇచ్చినదే చూడండి. నల్లగొండ జిల్లాలో "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని ఉంటే నాంపల్లిలో కుండపోత, చిట్యాలలో ఎండ ఉండొచ్చు. అంతమాత్రాన బులెటిన్ తప్పినట్టు కాదు.

రంగులు నాలుగు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వెంటనే కదలమని. రంగు వాన ఎంత పడుతుందనే దాన్ని బట్టి మాత్రమే వేయరు. పడే అవకాశం ఎంత, పడితే నష్టం ఎంత అన్నవి కూడా చూసి వేస్తారు. వడ్లు కల్లంలో ఉన్నవాళ్లు నారింజ రంగు చూడగానే టార్పాలిన్లు దగ్గర పెట్టుకోవాలి, కానీ ఆకాశం చూడకుండా రోజుల తరబడి కప్పి ఉంచకూడదు. మా ఊరు నష్టపోయి నేర్చుకున్న సంగతి ఇది.

అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనేవి ఒకే మనిషికి మూడు పేర్లు కావు, మూడు మెట్లు. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో తిరిగితే వాయుగుండం. 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుపాను. అల్పపీడనం వీటన్నిటికన్నా కింది మెట్టు. "తుపాను వస్తోంది" అని గ్రూపులో రాసే ముందు బులెటిన్‌లో ఏ మెట్టు రాశారో చూడండి.

సాగుకు వేరే బులెటిన్ ఉంది. మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ వస్తుంది. వచ్చే ఐదు రోజుల వాన, ఎండ, గాలి, తేమ చెప్పి, ఏ పంటకు ఏం చేయాలో కూడా చెబుతుంది. మందు కొట్టాలా ఆగాలా, యూరియా ఇప్పుడు చల్లాలా వద్దా అనేవి అందులో ఉంటాయి. పాలమూరు వైపు రైతులకు పాలెం పరిశోధన కేంద్రం పేరు తెలిసే ఉంటుంది, శాస్త్రవేత్తల సలహాకు అదొక దారి. ఫోన్‌లో చూడాలంటే మేఘ్‌దూత్ యాప్ ఉంది. పిడుగులకు దామిని యాప్ ఉంది. పిడుగు హెచ్చరికకు గడువు నిమిషాల్లో ఉంటుంది. మన దగ్గర పిడుగుకు బలవుతున్నది ఎక్కువగా చేనులో, చెట్టు కింద ఉన్నవాళ్లే. గొర్ల కాపరికి ఆ కబురు గ్రూపులో పెడితే చేరదు, ఫోన్ చేసి చెప్పండి.

నాలుగో పని: ప్రాజెక్టుల బులెటిన్‌లో తేడా తీయండి

ఆగస్టు వచ్చిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, గద్వాల, వనపర్తి అంతటా ఒకటే మాట: "సాగర్‌ల నీళ్లెంతున్నయ్?" జవాబు రోజూ బులెటిన్‌లో వస్తుంది, కానీ దాన్ని చదివే పద్ధతి ఉంది.

ముందు నిండు మట్టం గుర్తుంచుకోండి. నాగార్జునసాగర్‌కు 590 అడుగులు, 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). శ్రీశైలానికి 885 అడుగులు, 215 టీఎంసీల పైన. జూరాలకు 318.516 మీటర్లు, దాదాపు 9.66 టీఎంసీలు. మూసీ ప్రాజెక్టుకు 645 అడుగులు, 4.46 టీఎంసీలు. ఒకదాన్ని అడుగుల్లో, ఇంకోదాన్ని మీటర్లలో ఇస్తారు కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఇక అందరూ పొరపాటు పడే చోటు ఇది. సాగర్‌లో 140 టీఎంసీలు ఉన్నాయని చదివితే సగానికి దగ్గరగా ఉందనిపిస్తుంది. కానీ సాగర్ కనీస నీటిమట్టం 510 అడుగులు. ఆ మట్టం దగ్గరే అందులో 130 టీఎంసీల చిల్లర నీళ్లుంటాయి. అంటే 140 కనబడినప్పుడు కాల్వలకు వదలడానికి మిగిలింది పది టీఎంసీల లోపే. ఎడమ కాల్వ కింద నాటు వేయాలనుకునేవాళ్లు టీఎంసీల అంకె కన్నా అడుగుల అంకె చూడటం మేలు.

ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని రెండు అంకెలుంటాయి. రెండూ క్యూసెక్కుల్లో, అంటే క్షణానికి ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు అన్న లెక్క. 11,574 క్యూసెక్కులు 24 గంటలు ఆగకుండా పారితే ఒక టీఎంసీ. లోపలికి లక్ష వస్తూ, బయటికి 40 వేలు పోతుంటే తేడా 60 వేలు. అది రోజుకు 5 టీఎంసీలకు పైగా. ఈ ఒక్క భాగహారం నేర్చుకుంటే "ఎన్ని రోజుల్లో నిండుద్ది" అని ఎవరినీ అడగాల్సిన పని లేదు. అయితే ఇన్‌ఫ్లో ఆ గంటకు మాత్రమే నిజం. పైన ఆల్మట్టి, నారాయణపూర్‌లలో గేట్లు దించితే రేపటికి అది సగమవుతుంది.

నది ఒడ్డున మోటార్లు పెట్టుకున్నవాళ్లు, చేపల వలలు వేసేవాళ్లు అంకెల కన్నా ముందు "గేట్లు ఎత్తుతారు" అనే వరుస వెతకాలి. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణ, తుంగభద్ర కలిసి పొంగి అలంపూర్ వైపు ఊళ్లను ముంచెత్తినప్పుడు శ్రీశైలంలో నీళ్లు నిండు మట్టాన్ని దాటిపోయాయి. అలాంటి రోజుల్లో పొద్దటి బులెటిన్ పట్టుకుని సాయంత్రం దాకా కూర్చోకూడదు.

ఐదో పని: ఆస్పత్రి బులెటిన్‌ను ఆశతోనో భయంతోనో కాకుండా, ఉన్నది ఉన్నట్టు చదవండి

పేరున్నవాళ్లు ఆస్పత్రిలో చేరితే డాక్టర్లు హెల్త్ బులెటిన్ ఇస్తారు. "ఆరోగ్యం నిలకడగా ఉంది" అని వినగానే మనం బాగైందనుకుంటాం. నిలకడ అంటే మారడం లేదని. బాగుండి నిలకడగా ఉండొచ్చు, విషమంగా ఉండీ నిలకడగా ఉండొచ్చు. "చికిత్సకు స్పందిస్తున్నారు" అంటే మందు పనిచేస్తోందని, గండం గడిచిందని కాదు. "పరిశీలనలో ఉంచాం" అంటే ఇంకా తేల్చి చెప్పలేమని. నిన్నటి బులెటిన్ పక్కన ఇవాళ్టిది పెట్టి ఏ మాట మారిందో చూడండి, అసలు సంగతి అక్కడ ఉంటుంది.

ఈ పద్ధతి నాకు ఇంట్లో పనికొచ్చింది. మా నాయిన హైదరాబాద్‌లో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మొదటి రోజు నా ఫోన్ ఆగలేదు. మేనత్త, పెద్దమ్మ, ముంబైలో ఉన్న చిన్నాన్న, బొంబాయి వలసలో నాయినతో కలిసి పనిచేసినవాళ్లు. "ఏందిరా, ఎట్లున్నడు మీ నాయిన?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఒక్కొక్కరికి చెబుతుంటే ఒక్కో మాట తేడా వచ్చింది. పెద్దమ్మకు "పర్వాలేదు" అన్నాను, చిన్నాన్నకు "కష్టంగుంది" అన్నాను. ఇద్దరూ మాట్లాడుకుని, దాస్తున్నానని నా మీద కోపం చేసుకున్నారు. వాళ్ల టెన్షన్ వాళ్లది.

రెండో రోజు నుంచి రాత్రి ఎనిమిదింటికి ఒకే మెసేజ్ రాసి అందరికీ పంపాను. "నాయిన, 3వ రోజు, రాత్రి 8. జ్వరం 100. ఆక్సిజన్ మాస్క్ ఉంది. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడు. డాక్టర్ సారు రేపు మళ్లీ ఎక్స్‌రే తీస్తామన్నాడు. ఇప్పుడు ఎవరూ రావద్దు, రక్తం అవసరం లేదు. రేపు ఇదే టైముకు చెబుతా." ఫోన్లు తగ్గాయి. ఏడో రోజు మెసేజ్ పది నిమిషాలు ఆలస్యమైతే నాలుగు ఫోన్లు వచ్చాయి. వేళకు ఇవ్వడం ఎంత పెద్ద మాటో నాకు అప్పుడు తెలిసింది. మీ ఇంట్లో అలాంటి అవసరం వస్తే ఇలాగే చేయండి. రోగి తెలివిలో ఉంటే ఆయనను అడిగి, ఆయన చెప్పొద్దన్నది వదిలేయండి.

మిగతావి త్వరగా

మార్కెట్ ధరల బులెటిన్‌లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర అని మూడుంటాయి. బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ తీసుకుపోయేవాళ్లు గరిష్ఠం చూసి ఆశపడి బండి కట్టకండి. ఆ ధర ఒక్క కుప్పకే పలికి ఉండొచ్చు. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడుపోయిందో చెప్పేది మోడల్ ధర. మీ సరుకుకు దాని దగ్గర ధర వస్తుందని లెక్క వేసుకోండి.

రేడియో, టీవీ వార్తలనూ బులెటిన్ అంటారు. ముందు ముఖ్యాంశాలు, తర్వాత వివరాలు, చివర మళ్లీ ముఖ్యాంశాలు. ఈ వరుస వినేవాళ్ల కోసం పుట్టింది, వెనక్కి తిప్పి చదువుకునే వీలు వాళ్లకు ఉండదు కదా. రాయడం దగ్గర ఇది మనకు మళ్లీ పనికొస్తుంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను నడిపారు. అలాంటి పత్రికల్లోని రాతను వందేళ్ల తర్వాత తీసి చదివినా విలువ ఉంటుంది. బులెటిన్ అలా దాచుకునే రాత కాదు, ఆ పూటకు పనికొస్తే చాలు.

నెలకోసారి వచ్చే బులెటిన్లు, సభలు జరిగే రోజుల్లో వచ్చే బులెటిన్లు కూడా ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 1947 జనవరి నుంచి తన నెలవారీ బులెటిన్ వేస్తోంది. లోక్‌సభ బులెటిన్ మొదటి భాగంలో సభలో జరిగిన పని క్లుప్తంగా ఉంటుంది, రెండో భాగంలో సభ్యులకు కావలసిన సమాచారం ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇవి గుర్తుంచుకోవచ్చు.

ఆరో పని: మీ ఊరికి మీరే రాయండి

సర్పంచ్, కార్యదర్శి, మహిళా సంఘం లీడర్, బడి హెడ్మాస్టర్, యువజన సంఘం పిల్లలు, వీళ్లలో ఎవరికైనా ఏదో ఒక రోజు బులెటిన్ రాసే పని పడుతుంది. తాగునీళ్లను ఉదాహరణగా తీసుకుంటాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఇది ప్రాణాల మీది సంగతి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఆగితే జనం బోరు కాడికి పోతారు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు అని మన జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకని "నీళ్లు రావు" అని ఊరుకుంటే సరిపోదు, "బోరు నీళ్లు తాగకండి, ట్యాంకర్ ఫలానా చోటికి వస్తుంది" అనీ ఉండాలి. ఇలా రాయొచ్చు:

తాగునీటి బులెటిన్ 1
ఇచ్చినవారు: గ్రామ పంచాయతీ (ఇక్కడ ఊరి పేరు, మండలం పేరు)
14-7-2026, మంగళవారం, ఉదయం 7 గంటలు
మెయిన్ పైపు పగిలింది. ఈ రోజు (మంగళవారం), రేపు (బుధవారం) భగీరథ నీళ్లు రావు.
ఊర్లోకి, చెరువు కింది తండాకు రావు. గుట్ట మీది తండాకు వస్తాయి.
ట్యాంకర్ సాయంత్రం 5 గంటలకు బడి దగ్గరికి వస్తుంది. తాగడానికి, వంటకు బోరు నీళ్లు వాడకండి.
ఇది బుధవారం ఉదయం 7 గంటల వరకు చెల్లుతుంది. ఆ వేళకు బులెటిన్ 2 వస్తుంది.
ఏదైనా అడగాలంటే పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఊరి పేరుతో పాటు మండలం పేరు ఎందుకంటే, కొత్తపల్లి పేరుతో మన వైపు ఎన్ని ఊళ్లున్నాయో చూడండి. "మన ఊరు" అని రాస్తే ఫార్వర్డ్ అయ్యాక ఎవరి ఊరో తెలియదు. "రేపు", "ఎల్లుండి" అన్న మాటల పక్కన వారం పేరు పెట్టండి. రేపు అన్న మాట మరునాడు చదివేవాడికి ఇంకో రోజవుతుంది. వాక్యాలు పొట్టిగా ఉండాలి. "సాంకేతిక కారణాల వల్ల అంతరాయం ఏర్పడినందున" అని మొదలుపెట్టకండి. పైపు పగిలితే పైపు పగిలిందనే రాయండి.

అంకె వేయడం చాలామందికి అనవసరమనిపిస్తుంది. నేను మాత్రం దాన్ని వదలను. బులెటిన్ 2 చేతికి వచ్చినవాడికి 1 చెల్లదని వెంటనే తెలుస్తుంది. 3 వచ్చి 2 రాకపోతే మధ్యలో ఒకటి జారిందని తెలుస్తుంది.

చెప్పిన వేళకు కొత్త సంగతి ఏదీ లేకపోతే ఏం చేయాలి? అప్పుడూ ఇవ్వాలి. "బులెటిన్ 2, బుధవారం ఉదయం 7. పని ఇంకా పూర్తి కాలేదు. ట్యాంకర్ అదే టైముకు వస్తుంది. మూడోది సాయంత్రం 6 గంటలకు." మీరు ఊరుకుంటే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది.

తప్పు పడితే పాత మెసేజ్‌ను చెరిపేసి ఊరుకోకండి. చూసినవాళ్లు చూసే ఉంటారు, స్క్రీన్‌షాట్లు తీసే ఉంటారు. కొత్త అంకె వేసి మొదటి వాక్యంలోనే చెప్పండి: "బులెటిన్ 1లో ట్యాంకర్ 5 గంటలకని రాశాం, అది తప్పు. 6 గంటలకు వస్తుంది." నా రెడ్ అలర్ట్ ఫొటో విషయంలో నేను అలా చేయలేదు. సిగ్గుపడి రెండు రోజులు నోరు మెదపలేదు. ఆ రెండు రోజులు కవర్లు అలాగే ఉన్నాయి.

రాసింది చదవలేనివాళ్లకు ఎలా చేరుతుంది? దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పెద్దవాళ్లకు తెలుగు అక్షరం రాకపోవచ్చు. తండా పిల్లల్లో ఒకరితో వాళ్ల మాటలో వాయిస్ మెసేజ్ పెట్టించండి. వాయిస్‌కు రేడియో వరుస వాడండి. ముందు ఒక్క ముక్కలో సంగతి, తర్వాత వివరం, చివర మళ్లీ అదే ముక్క. నిమిషం దాటకూడదు. వాయిస్‌లో కూడా తేదీ, వేళ నోటితో చెప్పాలి. ఫార్వర్డ్ అయితే అవి ఇంకెక్కడా కనబడవు. పంచాయతీ మైకు ఉంటే పొద్దున పనులకు పోకముందు ఒకసారి, పొద్దుగూకి వచ్చాక ఒకసారి చెప్పించండి. చాయ్ హోటల్ గోడ మీద నల్లబోర్డు కూడా తక్కువదేమీ కాదు.

ఏడో పని: మాటను సరైన చోట వాడండి

పత్రికల్లో ఎక్కువగా కనబడే రాత "బులెటిన్". ఒకటి కన్నా ఎక్కువైతే బులెటిన్లు. బులిటెన్, బుల్లెటిన్ అని కూడా రాస్తుంటారు, ఒక్కటే పట్టుకుంటే మంచిది. శాఖ అయితే బులెటిన్ విడుదల చేస్తుంది, రేడియోలో బులెటిన్ చదువుతారు, బోర్డు మీద బులెటిన్ పెడతారు. ఇంట్లో అయితే "బులెటిన్ వచ్చిందా?" అంటే చాలు. "సమాచార ప్రకటన" అని తెలుగు చేయొచ్చు కానీ, ప్రకటన అంటే మనకు వ్యాపార ప్రకటన కూడా తోస్తుంది. అందుకే నేను ఒక్కసారి చెప్పి ముగించేదాన్ని ప్రకటన అంటాను, వరుసగా వచ్చేదాన్ని బులెటిన్ అంటాను.

నోటీసుకు, బులెటిన్‌కు తేడా ఉంది. నోటీసు మీ చేత ఒక పని చేయించడానికి వస్తుంది, ఇంటి పన్ను కట్టమనో, కోర్టుకు రమ్మనో. సర్క్యులర్ ఆఫీసు లోపలివాళ్లకు వెళ్లే ఆదేశం. నోటిఫికేషన్‌కు చట్టబలం ఉంటుంది. ఉద్యోగాల నోటిఫికేషన్‌ను బులెటిన్ అంటే తప్పర్థం వస్తుంది. ప్రెస్‌నోట్ విలేకరుల కోసం ఇచ్చేది. బులెటిన్ అందరి కోసం, తెలుసుకోవడం కోసం ఇచ్చేది.

చివరి పని: తుడవండి

బులెటిన్ రాసేవాళ్లు చాలామంది మరిచేది ఇదే. గడువు తీరగానే బోర్డు మీద నుంచి తీసేయండి. గ్రూపులో పిన్ చేసి ఉంటే పిన్ తీసేయండి. ఫోన్ గ్యాలరీలో ఉన్న పాత అలర్ట్ ఫొటోలు కూడా చెరిపేయండి, పొరపాటున మళ్లీ పంపేది వాటినే. మా ఊర్లో ఇప్పుడు పంచాయతీ బోర్డు కింద ఒక తడిగుడ్డ వేలాడదీశాం. కొత్తది రాసేవాళ్లే పాతది తుడవాలి. తుడిచాక మొదట రాసేది తేదీ.